చలికాలంలో రెండు రోజులు బుడాపెస్ట్: బాలింతగా ఉన్న పాత నేస్తం ఇంటికి వెళ్తున్నా, సలహాలు చెప్పండి

అవనిగడ్డ_అమ్మాయి

అందరికీ నమస్కారం. మ్యూనిక్‌లో ఉంటున్నాను. సంక్రాంతి వెళ్ళిన వారంలో శుక్రవారం రాత్రికి బుడాపెస్ట్ చేరి, ఆదివారం మధ్యాహ్నం తిరుగు రైలెక్కుతాను. అక్కడ నా ఇంజినీరింగ్ రూమ్మేట్ ఉంది. విశాఖలో నాలుగేళ్ళూ ఒకే గది. 2014 మే నెలలో గది ఖాళీ చేసి చెరో ఆటో ఎక్కాం, ఆ తర్వాత మళ్ళీ ఎదురెదురుగా చూసుకోలేదు. ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం. 2021లో వాళ్ళమ్మగారు పోయినప్పుడు కూడా నేను దాని దగ్గర లేను. ఆ బాధ నాకు ఇంకా తీరలేదు.

ఇప్పుడు దానికి మూడో నెల పాప. "నువ్వొస్తే చాలే, కానీ నిన్ను ఎక్కడికీ తిప్పలేను" అంది. తిప్పాలని నాకూ లేదు. వాళ్ళింట్లో ఉండొచ్చా, హోటల్ తీసుకోవాలా? ఏం పట్టుకెళ్ళాలి? అది పడుకున్న వేళల్లో నేనొక్కదాన్నీ చూసి రాగలిగేవి ఏమున్నాయి? పాప బండితో కలిసి వెళ్ళగలిగే చోట్లు ఏవి? ఇల్లు 11వ జిల్లాలో, మోరిత్స్ జిగ్మొంద్ కూడలి దగ్గర. ఆ ఊరు నాకు పూర్తిగా కొత్త.

రైలుబండి

వియన్నాలో ఉంటాను, ఆ దారి నాకు బాగా అలవాటు. మ్యూనిక్ నుంచి నేరుగా వెళ్ళే రైల్‌జెట్ ఉంది. సాల్జ్‌బర్గ్, లింజ్, వియన్నా మీదుగా దాదాపు ఏడు గంటలు పడుతుంది. టికెట్ ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదు, సీటు విడిగా రిజర్వు చేసుకోవాలి. శుక్ర, ఆదివారాల్లో అది లేకుండా ఎక్కితే తలుపు దగ్గర నిలబడి వెళ్ళాల్సిందే.

అందరూ చివరిదాకా, అంటే కెలెటి స్టేషన్ దాకా వెళ్ళిపోతారు. మీరు అంతకుముందే వచ్చే కెలెన్‌ఫొల్డ్‌లో దిగండి. అది డాన్యూబ్ నదికి బుడా వైపే ఉంది, మీ స్నేహితురాలి ఇల్లూ ఆ వైపే. స్టేషన్ కిందనే నాలుగో నంబర్ మెట్రో మొదలవుతుంది, మోరిత్స్ జిగ్మొంద్ అందులో నాలుగో స్టేషన్. కెలెటి దాకా పోతే నది దాటి మళ్ళీ వెనక్కి రావాలి.

పాస్‌పోర్టు, జర్మనీ నివాస కార్డు రెండూ అసలువే దగ్గర పెట్టుకోండి, ఫోన్లో ఫొటోలు పనికిరావు. వెళ్ళేటప్పుడు ఎవరూ అడక్కపోవచ్చు గానీ, తిరుగు ప్రయాణంలో ఆస్ట్రియా దాటి జర్మనీలో అడుగుపెట్టే చోట పోలీసులు రైలెక్కి చూస్తారు. ఆలస్యం అక్కడే అవుతుంది. ఆదివారం చివరి రైలు మాత్రం పెట్టుకోకండి.

చలిదేశం

రైలుకి ఇంకో లాభం ఉంది, పచ్చడి సీసా పట్టుకెళ్ళొచ్చు. పోయిన ఏడాది లండన్ నుంచి నేనూ ఇలాగే ఫ్రెండ్ దగ్గరికి బుడాపెస్టే వెళ్ళాను, విమానంలో. చేతి సంచి ఒక్కటే టికెట్. మా అమ్మ పెట్టిన ఆవకాయ సంచిలోనే ఉంది. సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెట్టేశారు. ముద్దలా ఉండేది ఏదైనా నూరు మిల్లీలీటర్లు దాటకూడదన్నారు. ఆవకాయ అంటే ద్రవమని నాకు తట్టనే లేదు. వాడు అడిగింది అదొక్కటే.

ఇంగ్లండ్ నుంచి వెళ్ళేవాళ్ళకి మరో మాట. మనకి షెంగెన్ వీసా కావాలి, అపాయింట్‌మెంట్లు దొరకడానికి వారాలు పడుతుంది. 2025 అక్టోబర్ 12 నుంచి సరిహద్దులో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది, వరుస మెల్లగా కదులుతుంది. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి పాలు, మాంసంతో చేసినవేవీ తేకూడదు, కాబట్టి నెయ్యి, కోవా కుదరవు. అవనిగడ్డగారూ, మీరు జర్మనీ నుంచి వెళ్తున్నారు కాబట్టి మీకు ఇవేవీ లేవు. అక్కడ కొన్న నెయ్యితో అరిసెలు చేసుకుని మరీ పట్టుకెళ్ళండి.

ఓరుగల్లు_బిడ్డ

అక్కా, నేను ఆ ఊర్లనే రెండేండ్లు ఎమ్మెస్సీ చదివిన. స్టైపెండియం హంగారికం అని వాళ్ళ సర్కారు స్కాలర్‌షిప్ ఉంటది, దాని మీద పోయిన. నాకు తెల్సింది చెప్త.

మొదలు పైసల సంగతి. అక్కడ యూరో కాదు, ఫోరింట్. ఒక యూరోకు నాలుగు వందలకు జర అటు ఇటు వస్తయి. ఏటీఎంల పైసలు తీస్తుంటే "యూరోలల్ల లెక్క కట్టాల్నా" అని అడుగుతది. వద్దని చెప్పి ఫోరింటే నొక్కు, లేకుంటే రేటుల మునుగుతవ్. శుక్రవారం రాత్రికెళ్ళి ఆదివారం దాక ఉంటున్నవ్ గద, 72 గంటల పాస్ తీస్కో. మెట్రో, ట్రామ్, బస్సు అన్నిటికీ అదే. విడి కాగితం టికెట్ కొంటే మాత్రం ఎక్కంగనే మిషన్ల పెట్టి ముద్ర ఏయించుకోవాలె. నేను దిగిన రెండో దినమే మర్చిపోయి జుర్మానా కట్టిన, తప్పు నాదే. విమానంల వచ్చేటోళ్ళకు ఎయిర్‌పోర్ట్ నుంచి 100ఇ అనే బస్సు సీదా ఊరి నడుమకు తెస్తది, గని దానికి వేరే టికెట్ కావాలె.

చూసేటియి అంటే, పార్లమెంట్ రాత్రిపూట చూడాలె. లోపల చూడాల్నంటే ముందుగాల ఆన్‌లైన్ల టికెట్ తీస్కో. ఆ గుమ్మటం 96 మీటర్లు, సెయింట్ స్టీఫెన్ బసిలికా గూడ గంతే ఎత్తు. వాళ్ళ మగ్యార్ పూర్వీకులు ఆ నేలకు వచ్చింది 896ల అని చెప్తరు, ఆ గుర్తుకు. రెండో నంబర్ ట్రామ్ ఎక్కితే నది పొంటి మొత్తం కనవడ్తది.

సెచెన్యి స్నానాలు మర్చిపోకు. 1913ల కట్టిండ్రు. భూమిలకెళ్లి 70 డిగ్రీలు దాటిన నీళ్ళు వస్తయి, సల్లార్చి కొలనుల్లకు ఇడుస్తరు. జనవరిల పొద్దుగాల పోయినప్పుడు నీళ్ళ మీద పొగ ఎంత మందంగ ఉండెనంటే పక్కనోళ్ళ మొకం కానరాలె. మెడ దాక ఎచ్చగ ఉంటది, ఎంట్రుకల కొసలకు మాత్రం మంచు పడ్తది. ముట్టి సూస్తే పుల్లల్లెక్క ఇరిగినయ్. అక్కడ ముసలోళ్ళు నీళ్ళల్ల నిలవడే చదరంగం ఆడ్తరు. టవల్, చెప్పులు ఇంటికెళ్ళే తీస్కపో.

ఇంకోటి చెప్త, మనోళ్ళకు నచ్చుతది. యూరప్ల మన లెక్క ఇంటి పేరు ముందుగాల రాసేటోళ్ళు ఈళ్ళే. తలుపు గంట కాడ పేరు సదివేటప్పుడు యాదికుంచుకో. ఏ దరఖాస్తు తీస్కున్నా అమ్మ పేరు రాయమంటరు, అది గూడ పెండ్లికి ముందటి పేరు. బ్యాంకుకు పోయినా, దవాఖానకు పోయినా అదే. నేను రెండేండ్లల్ల మా అమ్మ పేరు రాసినన్ని సార్లు నా బతుకుల ఎన్నడు రాయలే.

పిల్లనగ్రోవి

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, డిసెంబర్లో వెళ్తే ఎలా ఉంటుంది? క్రిస్మస్ సంతలు ఉంటాయా?

తులసికోట

@పిల్లనగ్రోవి, నవంబర్ మధ్య నుంచి వొరొష్‌మర్తి చౌక్‌లోనూ బసిలికా ముందూ పెడతారు, బాగుంటాయి. దీపాలు చుట్టిన ట్రామ్ కూడా తిప్పుతారు. కానీ డిసెంబర్ 24న మాత్రం చేరకండి. ఆ రోజు సెలవు, దుకాణాలు దాదాపు ఉండవు, మధ్యాహ్నం దాటాక బండ్లూ తగ్గిపోతాయి.

ఇక అవనిగడ్డ తల్లీ, నేను ఆరేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నాను, నా చిన్నాడు ఇక్కడే పుట్టాడు. ఓరుగల్లు బాబు చెప్పినవన్నీ నిజమే, ఒక్కటి సరిచేస్తాను. రెండో నంబర్ ట్రామ్ పాతకాలపు బండి, ఎక్కడానికి నిటారుగా మెట్లుంటాయి. పిల్ల బండితో వద్దు. పసుపు రంగు చిన్న మెట్రో ఉంది, ఒకటో నంబరు, 1896లో తెరిచింది. చూడముచ్చటగా ఉంటుంది కానీ అన్నీ మెట్లే. పాపతో వెళ్తే నాలుగు, ఆరు నంబర్ల ట్రాములే. నేల మట్టానికి తలుపులుంటాయి, బండి నెట్టుకుంటూ వెళ్ళిపోవచ్చు. అదృష్టం ఏమిటంటే ఆరో నంబరు మోరిత్స్ జిగ్మొంద్‌లోనే బయల్దేరుతుంది, కూర్చోడానికి చోటు ఉంటుంది. పెతోఫి వంతెన మీద ఒకసారి, మార్గిత్ వంతెన మీద ఇంకోసారి నది దాటుతుంది. ఆ రెండో వంతెన మీద నుంచే పార్లమెంట్ నిండుగా కనిపిస్తుంది. పాప నిద్ర లేవకుండానే ఊరు చూసి రావచ్చు.

సెచెన్యి మీకు దూరం. ఒక్కరే వెళ్ళాలంటే రుదాష్‌కి వెళ్ళండి, నదికి మీ వైపే ఉంది, ట్రామ్‌లో పది నిమిషాలు. తురుష్కులు ఏలిన కాలంలో, 16వ శతాబ్దంలో కట్టింది. వారం మధ్యలో ఆడవాళ్ళకి, మగవాళ్ళకి వేర్వేరు రోజులుంటాయి కానీ శని, ఆదివారాలు అందరూ కలిసే, ఈత బట్టలు తప్పనిసరి. పొద్దున ఆరింటికే తెరుస్తారు. వాళ్ళింట్లో నిద్ర లేచేసరికి మీరు తిరిగి రావచ్చు.

హోటల్ సంగతి. అది రమ్మన్నాక హోటల్ తీసుకుంటే నొచ్చుకుంటుంది. ఇంట్లోనే ఉండండి, కానీ చుట్టంలా ఉండకండి. నాకు కాన్పయినప్పుడు మా మేడ మీది పెద్దావిడ మూత గిన్నె పట్టుకుని వచ్చింది. లోపల వేడి కోడి సూపు, సేమ్యా. "కొమతాల్" అంది. బాలింత ఇంటికి దగ్గరివాళ్ళు వండి పంపే పళ్ళెమట, పాత ఆచారం. గిన్నె పొయ్యి మీద పెట్టి, పిల్లాణ్ణి దూరం నుంచే చూసి వెళ్ళిపోయింది. కూర్చోలేదు, కాఫీ అడగలేదు. ఆ రోజు నాకు మా అమ్మ గుర్తొచ్చి ఏడ్చాను. మీ నేస్తానికి తల్లి లేదన్నారు. పథ్యం పెట్టే చెయ్యి లేదన్నమాట. కాయం ముద్ద, శొంఠి పొడి, వెల్లుల్లి కారం, నల్లకారం చేసి పట్టుకెళ్ళండి. ఇంట్లో చేసినలాంటివి ఇక్కడ ఏ కొట్లోనూ దొరకవు.

పెన్నేటి_గట్టు

తులసికోట అక్క చెప్పిన మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నాది వేరే ఊరు, కానీ చెప్పుకోవాల. 2018 డిసెంబర్‌లో ప్రాగ్‌లో ఉండే నా చిన్నప్పటి దోస్తు దగ్గరికి పోయినా. వాడు శుక్రవారం సెలవు పెట్టినాడు. నేనేమో రాసుకుని పోయినా: 1410 నాటి గడియారం, చార్లెస్ వంతెన, కోట, సంత. రెండు రోజులు పొద్దున పోయి రాత్రి పదింటికి ఇంటికి చేరేది, అప్పటికే బయట తినేసి. శనివారం రాత్రి వంటింట్లో నీళ్ళు తాగడానికి పోతే పొయ్యి మీద గిన్నె కనపడింది. మూత తీసి చూస్తే రాగి సంగటి, రెండు ముద్దలు, పైన పొరకట్టి గట్టిపడి ఉన్నాయి. ఊరి నుంచి పిండి తెప్పించి పెట్టినాడంట. వాడూ తినలేదు. ఒక్క మాట అనలేదు వాడు, ఈనాటికీ అనలేదు. గడియారం మళ్ళీ పోయినా ఉంటుంది. ఒక పూట అయినా ఇంట్లో ఉండండి.

ఓరుగల్లు_బిడ్డ

అన్నా, సదువుతుంటే కడుపుల దేవినట్టయింది.

అక్కా, తిండి గురించి మర్చిపోయిన. వాళ్ళ లెంచెఫొజెలేక్ అంటే మన పప్పు తీర్గనే, మసూర్లు చిక్కగ వండ్తరు. కొత్త సంవత్సరం నాడు అది తింటే పైసలు వస్తయని నమ్ముతరు. లాంగోష్ అంటే నూనెల గోలించిన పెద్ద రొట్టె, ఎల్లిపాయ నీళ్ళు, పుల్లటి మీగడ, చీజ్ పెట్టిస్తరు, సలిల ఎచ్చెచ్చగ తినాలె. హోటల్ల బిల్లు సూస్కో, సర్వీస్ పైసలు చాన తావుల అండ్లనే కలిపి ఉంటయి, ఉంటే మళ్ళ టిప్పు అక్కర్లే. ఎరోష్ పిష్తా అని సీసాల ఎర్ర మిరపకాయ ముద్ద అమ్ముతరు, హాస్టల్ల మేమంత అన్నంల కలుపుకొని తిన్నం.

అవనిగడ్డ_అమ్మాయి

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. పెన్నేటిగారూ, ఆ సంగటి నా కళ్ళ ముందే ఉంది. హోటల్ లేదు, జాబితా లేదు. మా అత్తయ్యకి ఫోన్ చేసి కాయం కొలతలు రాసుకున్నాను. పిప్పళ్ళు ఇక్కడి శ్రీలంక కొట్లో దొరికాయి. వెళ్ళొచ్చి రాస్తాను.

అవనిగడ్డ_అమ్మాయి

వెళ్ళొచ్చాను. ఇలా అడిగేవాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

రైలు వియన్నా దాటాక పొలాలన్నీ మంచుతో తెల్లగా ఉన్నాయి. కెలెన్‌ఫొల్డ్‌లో దిగాను. రావద్దని నేనెంత చెప్పినా అది ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉంది, పాపని కోటు లోపల గుండెకి కట్టుకుని. ఉన్ని టోపీ, మెడకి మఫ్లరు, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అయినా నడక చూసి గుర్తుపట్టాను. దగ్గరికొచ్చి "తిన్నావా?" అంది. మెస్సు నుంచి ఆలస్యంగా వచ్చినప్పుడల్లా అదే అడిగేది.

శనివారం అయిదున్నరకి లేచి రుదాష్‌కి వెళ్ళాను. గుమ్మటానికి చిన్న చిన్న రంగు అద్దాల కన్నాలున్నాయి. బయట తెల్లవారే కొద్దీ ఒక్కోటీ వెలిగింది. మధ్యలో ఎనిమిది మూలల కొలను, నీళ్ళు 36 డిగ్రీలు. మూల కొలనుల్లో ఒకటి 42, అందులో రెండు నిమిషాలకి మించి ఉండలేకపోయాను. ఎనిమిదిన్నరకి ఇంట్లో ఉన్నాను. ఒక్కదాన్నీ తిరిగింది అంతే, దాంతోనే తృప్తిగా ఉంది.

తర్వాత దాన్ని పడుకోమన్నాను. పాప నా దగ్గర, అది మూడు గంటలు ఒళ్ళెరక్కుండా నిద్రపోయింది. కందిపప్పు, బెండకాయ వేపుడు చేశాను. లేచి వచ్చి, మొదటి ముద్ద వెల్లుల్లి కారంతో నెయ్యేసుకుని కళ్ళు మూసుకుని తింది. కాయం మాత్రం చేదుగా ఉందని మొహం పెట్టింది. "అమ్మ చేస్తే ఇంకా చేదుగా ఉండేది" అని తనే మళ్ళీ ఇంకో ఉండ తీసుకుంది.

మధ్యాహ్నం బండితో ఆరో నంబర్ ట్రామ్ ఎక్కాం. తులసికోటగారు చెప్పినట్టే చోటు దొరికింది. మార్గిత్ వంతెన ఎక్కకముందే వచ్చే యాసాయ్ మరి చౌక్‌లో దిగి పార్లమెంట్ వైపు నడిచాం. నాలుగు దాటేసరికి చీకటి పడింది, దీపాలు వెలిగాయి. నది గాలి కోసేస్తుంది, పాపకి దుప్పటి రెండు పొరలు ఉండాలి. గట్టు దిగువన ఇనుప బూట్లు ఉన్నాయి, 2005లో పెట్టారు. 1944, 45లో యూదుల్ని ఈ గట్టు మీదే నిలబెట్టి, బూట్లు విప్పించి, కాల్చి నదిలోకి తోశారు. అరవై జతలు. బండి దిగదు కాబట్టి అది పైనే ఆగింది, నేనొక్కదాన్నే దిగాను. ఒక చిన్నపిల్లల జతలో వాన నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి, ఆ మంచులో ఎవరో పెట్టిన పువ్వు ఇరుక్కుపోయి ఉంది. పైకి వచ్చాక ఏమీ చెప్పలేకపోయాను. అదీ అడగలేదు. పాప బండి చాలాసేపు ఇద్దరం కలిసే నెట్టాం.

రాత్రి మూడింటికి పాప లేస్తే వంటింట్లో కూర్చున్నాం. అప్పుడు మాట్లాడుకున్నాం, 2021 గురించి. నేను రాలేకపోయానని చెప్పాను. తానూ వెళ్ళలేకపోయానని, విమానాలు లేక వీడియోలోనే చూశానని చెప్పింది. నాకు ఆ సంగతి తెలియదు. నాలుగేళ్ళుగా ఫోన్లో మాట్లాడుతున్నా అది చెప్పలేదు, నేను అడగలేదు.

ఆదివారం తిరుగు రైల్లో పోలీసులు ఎక్కి కార్డులు చూశారు, పావుగంట ఆగింది. రైలుబండిగారి మాట విని మధ్యాహ్నం రైలే ఎక్కడం మంచిదైంది.

ఓరుగల్లు తమ్ముడూ, నీకు ఇది చెప్పాలి. బయల్దేరే ముందు అది పాప కాగితాల ఫైలు తీసి చూపించింది. పాప జనన ధ్రువపత్రంలో తల్లి పేరు దగ్గర దీని పేరు ఉంది, పుట్టింటి ఇంటిపేరుతో, ఇంటిపేరే ముందు. కింద దీని పాత దరఖాస్తుల నకళ్ళు, బ్యాంకువీ ఆసుపత్రివీ, అన్నిటిలోనూ వాళ్ళమ్మ పేరు దీని చేతిరాతతో. నాలుగేళ్ళూ సెలవులకి వాళ్ళింటికి వెళ్ళి ఆవిడ చేతి అన్నం తిన్నాను, "ఆంటీ" అనే పిలిచాను. ఆవిడ పూర్తి పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా, మొదటిసారి ఆ కాగితం మీద చదివాను. పైకే చదివాను. అది పాపని భుజం మీద వేసుకుని, "ఇంకోసారి చదువు" అంది.